రెండో ట్యూబులో రక్తం

నేను ఎనిమిదో తరగతిలో చదువు మానేశాను. అందుకు సిగ్గుపడాల్సింది ఎవరైనా ఉంటే మా లెక్కల అయ్యవారే గానీ నేను కాదు. అయినా నాలోని ఒక ముక్క మాత్రం నంద్యాలలో ఒక కాలేజీలో మూడేళ్ళపాటు పీహెచ్‌డీ చేసింది. గొప్పలకు చెప్పడం లేదు. గాజు ఫ్లాస్కుల్లో, వెచ్చని పెట్టెలో, ఊగుతూ ఊగుతూ చేసింది. ఆ ఫ్లాస్కులు కడిగినవాణ్ణి కూడా నేనే.

మాది ఆళ్ళగడ్డ. రోడ్డు పొడుగునా శిల్పాల షెడ్లు ఉంటాయి. చేతులింకా రాని దేవతలు, కళ్ళింకా తెరవని దేవుళ్ళు వరుసగా బస్సుల వైపు తిరిగి నిలబడి ఉంటారు. మా నాయన అట్లాంటి ఒక షెడ్డులో విగ్రహాలు చెక్కేవాడు. నాకు పదమూడేళ్ళప్పుడు ఆయన మోకాలి పైన ఒక గడ్డ లేచింది. గొంతుక్కూర్చుని పని చేసీ చేసీ వచ్చిందన్నారు కొందరు. రాతి దుమ్ము ఒంట్లో పేరుకుపోయిందన్నారు కొందరు. కర్నూలులో డాక్టర్లు ఎముక క్యాన్సర్ అన్నారు. నలభై నిండకుండానే పోయాడు. నేను బడి సంచీ పక్కన పడేసి అదే షెడ్డులో నీళ్ళు మోశాను.

తర్వాత మా అక్క పోయింది. ముప్పై నాలుగేళ్ళకు, రొమ్ములో వచ్చి. అక్క జన్మలో ఉలి పట్టింది లేదు. అయినా మా ఇంట్లో రాతి దుమ్మే అన్నాం, చిన్నప్పుడు నాయన బట్టలు ఉతికేది గదా అని. ఒక కారణం దొరికాక మనిషి ఇంకో కారణం వెతుక్కోడు. నేను దాని మీద జోకు కూడా కట్టాను: మా ఇంటోళ్ళకు తెల్లవెంట్రుకలంటే పడదు, అవి వచ్చేలోపలే లేచిపోతారు అని. పెళ్ళిళ్ళలో, బంతి భోజనాల దగ్గర, ఈ మాటకు బాగా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

నంద్యాల కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేరాక రోజూ బస్సులో వెళ్ళివచ్చేవాణ్ణి. గాజు సామాను కడగడం, బాక్టీరియాకు తిండి కలపడం, దాన్ని ఆటోక్లేవులో ఉడకబెట్టడం నా పని. ఆటోక్లేవంటే పెద్ద ప్రెషర్ కుక్కరు, విజిల్ రాదు, అంతే తేడా. ఇంట్లో మా ఆవిడకు అన్నం వండిపెట్టని వాణ్ణి కంటికి కనపడని పురుగులకు మూడు పూటలా వండేవాణ్ణి.

ఆ ల్యాబులో పరిశోధన చేసే అమ్మాయి కోయిలకుంట్ల దగ్గర శనగ పండించే ఇంటి పిల్ల. నన్ను అన్నా అనేది, నేను మేడం అనేవాణ్ణి. తను చేసేదేమిటో నాకు ఓపిగ్గా చెప్పింది. మనిషి ఒంట్లోని ప్రతి కణంలో ఒక కాపలా ప్రోటీన్ ఉంటుందట. కణం రెండుగా చీలబోయే ముందు లోపలి డీఎన్ఏ చెడిందేమో చూస్తుంది. చెడితే ఆగమంటుంది. బాగుపడే దారి లేకపోతే ఆ కణాన్ని చచ్చిపొమ్మంటుంది. అంత కచ్చితమైన ప్రోటీనులో డీఎన్ఏను పట్టుకునే నడిమి భాగం ఒక్కటే ఆమెకు కావాలి. అందుకని మనిషి రక్తంలోంచి ఆ భాగానికి సంబంధించిన జన్యువు ముక్కను నకలు తీసి, దాన్ని ఒక చిన్న డీఎన్ఏ చక్రంలో అతికించి, బాక్టీరియా కడుపులోకి పంపాలి. బాక్టీరియాకు అది మనిషిదని తెలియదు. తన వంటే అనుకుని తయారుచేసి పెడుతుంది.

"అంటే మన పెండ్లి వంటోడి మాదిరి," అన్నాను.

"వంటోడే అన్నా. అయితే ఉప్పు ఎక్కువైనా చెప్పడు, తక్కువైనా చెప్పడు. చీటీలో ఏముంటే అదే చేస్తాడు," అంది.

ఆ మాట అప్పుడు నాకు బాగా నచ్చింది.

పని మొదలుపెట్టడానికి ఇద్దరి రక్తం కావాలంది. ఒకరిదే అయితే, ఏదైనా తేడా కనపడినప్పుడు అది నకలు తీయడంలో పడిన తప్పో, ఆ మనిషిలోనే ఉన్నదో తేలదట. ఏ సంబంధమూ లేని ఇద్దరివి పక్కపక్కన పెట్టి చూడాలట. నేను వెంటనే ఒప్పుకున్నాను. రెండోవాడుగా కాలేజీ గేటు దగ్గరి వాచ్‌మన్ సంతకం పెట్టాడు. ఆయనది చాగలమర్రి. ఆరడుగుల మనిషి, మీసం చూస్తే లారీలు కూడా ఆగుతాయి. నన్ను అల్లుడా అనేవాడు, నేను మామా అనేవాణ్ణి. చుట్టరికం లేదు, ఎగతాళి చేసుకోవడానికి కలుపుకున్న వరస.

రక్తం తీసే రోజు మధ్యాహ్నం, మేడంను ఆమె గైడు, పెద్ద సారు, పిలిస్తే వెళ్ళింది. ట్యూబులకు నంబర్ల లేబుళ్ళు అతికించే పని నాకు అప్పజెప్పింది. నర్సు వచ్చి కూర్చుంది. మామ లేడు. వెతికితే స్కూటర్ స్టాండు వెనక, గోడకు ఆనుకుని, ముఖమంతా చెమటతో దొరికాడు.

"నాకు సూదంటే కాళ్ళాడవు అల్లుడా. నీకేం పోతాది, ఇంకో గొట్టం నువ్వే ఇయ్యిప్పా," అన్నాడు.

"సరే మామా. కుడి చెయ్యి నాది, ఎడమ చెయ్యి నీది," అన్నాను.

అట్లాగే చేశాను. ఒక ట్యూబు కుడి చేతి నుంచి, ఇంకొకటి ఎడమ చేతి నుంచి తీయమంటే నర్సు ఇదేం పిచ్చి అన్నట్టు చూసింది. ఒకదాన్నే పొడిస్తే రెండోది అలుగుతాదమ్మా అన్నాను. ఆమె నవ్వి తీసింది. ఒకదానికి నా నంబరు, ఇంకోదానికి మామ నంబరు అతికించాను. రక్తమిచ్చినవాళ్ళకని తెచ్చిన కూల్‌డ్రింకు మాత్రం మామ తన వాటాది తానే తాగాడు.

ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే మా ఆవిడ తిట్టింది. మా పాపకు అప్పుడు ఆరేళ్ళు. నా ఎడమ చేతిని పట్టుకుని "ఇది వాచ్‌మన్ తాత చెయ్యా?" అని అడిగి పడీ పడీ నవ్వింది. చాలా రోజులు అన్నం తినేటప్పుడు ఆ చేత్తో నన్ను ఏదీ ముట్టుకోనివ్వలేదు, అది పరాయి చెయ్యని.

నెలలు గడిచాయి. రక్తంలోంచి తీసిన ముక్క నకళ్ళు అయింది. నకళ్ళు చక్రాలలోకి వెళ్ళాయి, చక్రాలు బాక్టీరియాలోకి వెళ్ళాయి. బాక్టీరియా గుంపులు ప్లేట్ల మీద గసగసాల్లాగా తెల్లగా మొలిచాయి. ఒక్కొక్కరి రక్తం నుంచి నాలుగు మొలకల చొప్పున ఏరి ఫ్లాస్కుల్లో వేసి, షేకరులో, అంటే ఊపే వెచ్చని పెట్టెలో, పెట్టింది మేడం. పొద్దునకల్లా ఫ్లాస్కులు మజ్జిగ తేటలా మసకబారేవి. మూత తీస్తే నానబెట్టి మరిచిపోయిన పప్పు వాసన. అప్పుడు అందులో ఒక మందు చుక్క వేసేది. ఇక వండండి అని బాక్టీరియాకు ఆర్డరు అన్నమాట.

నేను గేటు దగ్గరికి వెళ్ళి, "మామా, నీ రక్తం షేకరులో డాన్సాడతాంది, వచ్చి చూడు," అనేవాణ్ణి. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించి, "మెల్లగప్పా," అనేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ ఏడాదంతా మాకు అదే కాలక్షేపం.

వండిన ప్రోటీను తీయాలంటే బాక్టీరియాను శబ్దంతో పగలగొట్టి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టాలి. ప్రోటీను సరిగ్గా ముడుచుకుని ఉంటే పైన నీళ్ళలో తేటగా మిగులుతుంది. ముడత కుదరకపోతే ఒకదానికొకటి అతుక్కుని అడుగున సున్నం ముద్దలా కూలబడుతుంది. నా నాలుగు మొలకల్లో రెండు తేటగా వచ్చాయి, రెండు అడుగుకు పోయాయి. మామ పేరున్న నాలుగింట్లో ఒక్కటే తేట, మూడు ముద్ద. మేడం వేడి తగ్గించి చూసింది, మందు తగ్గించి చూసింది. ఆ ఐదూ అడుగు వదల్లేదు. వాటికి మొండివి అని పేరు పెట్టింది. ఆ ట్యూబులు కడిగేటప్పుడు బ్రష్షు పెట్టి గోకినా ఆ తెల్లటి ముద్ద తొందరగా ఊడేది కాదు. నేను దాన్ని తిట్టుకుంటూ గోకేవాణ్ణి.

నిరుడు ఎండాకాలంలో, ఆ ఎనిమిదింటి డీఎన్ఏలోని అక్షరాలు వరసగా చదివించడానికి హైదరాబాదు పంపింది. రిపోర్టు వచ్చిన రోజు ఆమె కుర్చీలోంచి లేవలేదు. మొండి వాటన్నిటిలో ఒకే చోట ఒకే అక్షరం మారి ఉంది. తేటగా వచ్చినవాటిలో మారలేదు. నావి రెండు, మామవి మూడు, ఐదూ ఒకే తప్పు. నకలు తీయడంలో పడిన తప్పయితే ఇద్దరి రక్తంలో ఒకే చోట పడదు గదా అంది.

పెద్ద సారు స్వయంగా ల్యాబుకు వచ్చాడు. ఆయన స్టూలు మీద కూర్చోగా నేను చూడడం అదే మొదలు. ఒకరు ఆళ్ళగడ్డ, ఒకరు చాగలమర్రి, ఏ బంధుత్వమూ లేదు, ఇద్దరిలోనూ ఒకే తేడా, ఇద్దరూ దున్నపోతుల్లా ఉన్నారు, అంటే ఇది మన ప్రాంతంలో మామూలుగా ఉండే, ఏ హానీ లేని తేడా అయ్యుండాలి అన్నాడు. థీసిస్‌లో దాని మీదే ఒక అధ్యాయం రాయమన్నాడు. వచ్చే నెల సమర్పించాలి. పోతూ పోతూ నా భుజం తట్టాడు. పరిశోధనకు నా సేవ గొప్పదన్నాడు.

నేను బల్ల తుడుస్తున్నాను. సారు వెళ్ళాక ఊరికే అడిగినట్టు అడిగాను. "అది ఒక్కరిలోనే ఉండుంటే ఏమయ్యేది మేడం?"

ఆమె స్క్రీను మీంచి కళ్ళు తీయకుండా చెప్పింది. "అప్పుడు వేరే కథన్నా. ఆ జన్యువు అమ్మది ఒకటి, నాయనది ఒకటి, మనకు రెండుంటాయి; అందులో ఒకటి చెడితే ఆ కాపలా సగం లేనట్లే. అట్లాంటి ఇండ్లలో చిన్న వయసులోనే క్యాన్సర్లు వస్తాయి. పిల్లలకు, వయసు పిల్లోళ్ళకు ఎముకల్లో, ఆడోళ్ళకు రొమ్ములో. బిడ్డలకు సగానికి సగం దిగే ఛాన్సు ఉంటాది. మీకేం భయం లేదులే, వాచ్‌మన్ అన్నకు గూడా ఉండాది గదా."

బల్ల మీద అదే చోట ఎంతసేపు తుడిచానో నాకు తెలియదు.

పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ పదకొండు రోజులూ నాకు కొండంత ధైర్యం మామ. పొద్దున బస్సు దిగి గేటు దగ్గరికి వస్తూనే ఆయన్ని చూసేవాణ్ణి. కుర్చీలో కాళ్ళు చాపుకుని, డబ్బాలో బొరుగుల ఉగ్గాని తింటూ, అరవై దగ్గరపడినా రాయిలా ఉండేవాడు. ఆయనకూ ఉంది గదా అనుకునేవాణ్ణి. నేను అతికించిన లేబులును నేనే నమ్మడానికి ప్రయత్నించాను. నమ్మితే మా నాయనది రాతి దుమ్మే. మా అక్కదీ రాతి దుమ్మే. నమ్మకపోతే ఏమిటన్నది మా ఇంట్లో స్కిప్పింగ్ ఆడుకుంటోంది.

ఒకరోజు పొద్దున పాప మెట్లు దిగుతూ ఆగిపోయింది. "కాలు గుంజతాంది నాయనా," అంది. మోకాలి కింద. మా ఆవిడ తాడు దాచిపెడతానని తిట్టి, నూనె రాసింది. నేను కూర్చుని ఆ కాలిని చేత్తో తడిమాను. గడ్డ లేదు, వాపు లేదు. ఏమీ లేదు. అయినా నా చెయ్యి అక్కణ్ణుంచి రాలేదు. "నా కాలు నాకియ్యి నాయనా, బడికి పోవల్ల," అని లాక్కుని వెళ్ళింది.

ఆ రోజు బస్సులో మా నాయన గుర్తొచ్చాడు. ఆయన ఏ రాయి మొదలుపెట్టే ముందైనా సుత్తితో అక్కడక్కడా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. మంచి రాయి గంటలా మోగుతుంది. లోపల చీలిక ఉంటే బొంగురుగా పలుకుతుంది. ఒకసారి అట్లా విని తీసుకున్న రాయే మోసం చేసింది. అమ్మవారి విగ్రహం కళ్ళ దాకా వచ్చాక మెడ దగ్గర నల్లటి గీత బయటపడింది. అట్లాంటివాటికి షెడ్లలో ఒక ఉపాయముంది. లక్కా రాతిపొడీ కలిపి నింపి నున్నగా రుద్దేస్తే బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. కొన్నేళ్ళు అభిషేకాలు జరిగాక పాలు, నీళ్ళు దిగి అది విచ్చుకుంటుంది గానీ, అప్పటికి చెక్కినవాడు ఎవరో ఎవరికి గుర్తు? షెడ్డు ఓనరు నింపెయ్యమన్నాడు. నాయన ఉలి కింద పెట్టి, విగ్రహం చేయమన్న ఊరివాళ్ళు వచ్చేదాకా అట్లాగే కూర్చుని, వాళ్ళకు ఆ గీత వేలితో చూపించాడు. ఓనరు నెల రోజులు పనిలోకి రానివ్వలేదు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా నాయనంత తెలివితక్కువవాడు ఊళ్ళో లేడనుకున్నాను.

నేను ల్యాబుకు వెళ్ళేసరికి మేడం ఆ అధ్యాయం ప్రింటు తీసి బల్ల మీద సర్దుతోంది. కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఏ మాటైనా జోకుగా తప్ప మొదలుపెట్టడం నాకు చేతకాదు.

"మేడం, వాచ్‌మన్ మామ ఆ పొద్దు కూల్‌డ్రింకు తాగినాడు గానీ, రక్తం ఇయ్యలేదు," అన్నాను.

ఆమె నవ్వింది. కాగితాల అంచులు సమంగా తట్టింది. తర్వాత చేతులు ఆగాయి.

"మరి రెండో ట్యూబు?"

నేను ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఆ చేతినీ, బల్ల మీది కాగితాలనూ చూసింది. మూడేళ్ళ పని, నెలలో సమర్పించాల్సిన థీసిస్, అంతా ఆమె ముందే ఉంది. ఆమె దాని గురించి ఒక్క ముక్క అడగలేదు.

"మీ నాయన ఎట్ల పోయినాడన్నా?"

చెప్పాను. ఇంకెవరైనా అని అడిగితే అక్క సంగతీ చెప్పాను.

"పాపకు ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

ఆమె లేచి తలుపు వేసి వచ్చింది. ఇది ఆసుపత్రి కాదని, ఇక్కడ తేలిందేదీ ఖాయం కాదని, కర్నూలు వెళ్ళి కొత్తగా రక్తమిచ్చి డాక్టరు నోటినుంచే వినాలని, అప్పటిదాకా ఇంట్లో భయపెట్టొద్దని చెప్పింది. మాది తప్పే అయ్యుండొచ్చన్నా అని మూడుసార్లు అంది. మూడోసారి నా ముఖం చూడలేదు.

సారుకు మాత్రం లేబుళ్ళ పొరపాటు తనదేనని చెప్పింది. అది నాకు మరుసటి రోజు తెలిసింది. వెళ్ళి నిజం చెప్పాను. సారు అరవలేదు. ల్యాబు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాడు, అంతే. మేడం థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. నన్ను లైబ్రరీలో వేశారు. రోజంతా పుస్తకాల దుమ్ము దులుపుతుంటాను. దుమ్ము మా వంశాన్ని వదిలేట్టు లేదు.

ఆ తర్వాత మామ రక్తమిచ్చాడు. నేనే ఆయన తల నా కడుపుకు అదుముకుని పట్టుకున్నాను. ఈసారి ట్యూబుకు లేబులు మేడమే అతికించింది. నాలుగు మొలకలూ తేటగా వచ్చాయి. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ సంగతి చెప్పడానికి మామ లైబ్రరీ దాకా వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నాది బాగుండాదంట అల్లుడా," అన్నాడు, ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"మంచిదే గదా మామా. ఆ ఎడమ చెయ్యి నాకు తిరిగి ఇచ్చెయ్యి మరి," అన్నాను. ఆయన నవ్వలేదు. నా జోకుకు మామ నవ్వకపోవడం అదే మొదటిసారి.

కర్నూలులో కొత్తగా ఇచ్చిన నా రక్తం రిపోర్టు వచ్చింది. అదే చోట, అదే అక్షరం. డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. ఇది జబ్బు కాదు, జబ్బును ఆపే బలం తక్కువ, అంతే అన్నాడు. ఏటా చూపించుకుంటూ ఉండాలన్నాడు. పాప కాలి సంగతి చెప్పాక పెన్ను పక్కన పెట్టి, ఎప్పటినుంచి అని అడిగాడు. ఎక్స్‌రే తీద్దాం, రక్తం కూడా చూద్దాం, సోమవారం తీసుకురండి అన్నాడు.

సోమవారం పొద్దున బయల్దేరాం. పాణ్యం దాటేదాకా పాప కిటికీ దగ్గర కూర్చుని ఎదురొచ్చే బస్సులు లెక్కపెట్టింది. ఎందుకు వెళ్తున్నామో మా ఆవిడకు సగం చెప్పాను, పాపకు ఏమీ చెప్పలేదు. ఎక్స్‌రే దగ్గర బాగానే పడుకుంది. ఫోటో అన్నాను, నవ్వు ముఖం పెట్టింది. రక్తం తీసే గదిలో నర్సు రబ్బరు పట్టీ అందుకోగానే రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

"నా బదలు నువ్వియ్యి నాయనా," అంది. "వాచ్‌మన్ తాత బదలు ఇచ్చినావు గదా. నీకు రెండు చేతులుండాయి గదా."

నర్సు నా వైపు చూసింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళూ చూశారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఏ మాటకైనా నా దగ్గర ఇంకో మాట సిద్ధంగా ఉండేది.

వంగి, ఆమె కుడి చేతిని చంకలోంచి మెల్లగా లాగి, చాపి పట్టుకున్నాను. నర్సు తీసింది. పాప నా చొక్కాలో ముఖం దాచుకుని, అయిపోయిందా అని అడుగుతూనే ఉంది. నర్సు ట్యూబుకు లేబులు అతికించి స్టాండులో పెట్టింది. నేను దగ్గరికి వెళ్ళి ఆ పేరు చదివాను. మళ్ళీ చదివాను. అది మా పాప పేరే.